దీపాలు ఘనమైన సభ

మణిమంతపురంలో పట్టపగలు కూడా చీకటి కాపురముండే చోటు ఒకటే ఉంది. అది శ్రేష్ఠుల సభామండపం. కొండ కడుపు తొలిచి కట్టారు దాన్ని. కిటికీ లేదు, గవాక్షం లేదు. నల్లరాతి స్తంభాల మీద వైడూర్యపు కళ్ళతో సింహాలు కూర్చుని ఉంటాయి. పైకప్పంతా బంగారు రేకు తాపి, దాని మీద నక్షత్రాలకు బదులు వజ్రాలు పొదిగారు. అసలు నక్షత్రాలు ఎవరికైనా ఊరికే కనబడతాయి గనక శ్రేష్ఠులకు వాటి మీద గురి లేదు కాబోలు. మండపం చివర ఇనుప తలుపులు, ఆ తలుపుల వెనక రాజ్యమంతటి సిరి ఉన్నాయి.

ఆ మండపంలో, వేదిక మీద నిలబడ్డ ముసలాయన వెనకాల, మంచినీళ్ళ చెంబు పట్టుకుని జయంధరుడు నిలబడి ఉన్నాడు. పరిచారకుడి వేషం వేశాడు గాని, అతను పరిచారకుడు కాడు. నీలవేణీ నది లంకల్లో పుట్టిన పడవవాడు. అతని అన్న రంగధాముడు తక్కిన లంకవాళ్ళతో కలిసి తూర్పు కోటవాకిలి దగ్గర, ఊరిని ముట్టడించిన శత్రురాజు చండకేతు సైన్యాన్ని ఆపుతున్నాడు. అక్కడ బాణాలు అయిపోతున్నాయి, గింజలు అంతకంటే ముందే అయిపోయాయి. ఈ ఇనుప తలుపులు ఇవాళ తెరుచుకోకపోతే తూర్పు వాకిలి రేపు పడిపోతుంది. తెరిపించడానికి వచ్చినవాడే ఈ ముసలాయన, జ్ఞానశృంగ విద్యాపీఠానికి కులపతి, ఆచార్య మేధానిధి.

జయంధరుణ్ణి ఇక్కడికి తరుముకొచ్చిన భయం వేరే ఉంది. దాని పేరు తమిస్రకుడు. చండకేతు కొలువులో మాంత్రికుడు. వాడు ఎవరి కుత్తుక పట్టుకుంటే వాళ్ళ గొంతు ఊడి వాడికి వచ్చేస్తుంది. గొంతుతోపాటు రూపం కూడా వస్తుంది. పడమట బయటి కోటవాకిలి అలాగే పోయింది. సేనాని గొంతుతో, సేనాని ముఖంతో "తలుపు తియ్యండి" అని వాడు ఆజ్ఞ ఇస్తే సైనికులు తీశారు. అసలు సేనాని మూగవాడై గుర్రపుశాల గడ్డిలో దొరికాడు. ఇప్పుడు ఊళ్ళో రాజు మాటకంటే కులపతి మాటకే విలువ ఎక్కువ. ఆ గొంతు గనక తమిస్రకుడి చేత చిక్కిందా, తూర్పు వాకిలే కాదు, ఊరే మిగలదు.

పొద్దున నదీతీరాన బోర్లించిన పడవ కింద దాక్కుని జయంధరుడు వాడి మాటలు విన్నాడు. తన వేగులవాడితో వాడు అంటున్నాడు: "ముసలాడి మాటలకి శెట్లు దీపాలన్నీ ఘనం చేస్తారు. ఆఖరి దీపం ఘనమైన మరుక్షణం వాడి గొంతు నాది."

ఆ మాట పట్టుకుని జయంధరుడు తనకు తోచినట్టు ఆలోచించాడు. లంకల్లో ఘనం అంటే పెద్దదనే. ఘనమైన చేప, ఘనమైన వరద. అంటే శెట్లు మెచ్చుకుని దీపాలు పెద్దవి చేస్తారు, ఆ వెలుగుకి అందరి కళ్ళూ జిగేలుమంటాయి, ఆ అదనులో వాడు పని కానిస్తాడు. ఎండలో నీటి మెరుపు కళ్ళకు కొట్టకుండా పడవవాళ్ళు కాటుక పూస్తారు. అతనూ కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక దిద్దుకుని వచ్చాడు. ద్వారం దగ్గర కావలివాళ్ళు బొడ్లో ఉన్న చెకుముకి రాయి ఇమ్మంటే, లోపల అంత వెలుగు పెట్టుకుని ఇదెందుకులే అని నవ్వుతూ ఇచ్చేశాడు కూడా. మండపం తలుపులు వెనక మూసుకున్నాయి. సభ ముగిసేదాకా వాటిని ఎవరికోసమూ తెరవరు.

లోపల ప్రతి శ్రేష్ఠి ముందూ ఒక వెండి ప్రమిద వెలుగుతోంది. కులపతి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా. మీరు నన్ను పిలిచినప్పుడు ఏదో నాలుగు శ్లోకాలు చెప్పి పోతాడులే అనుకుని ఉంటారు. ఈ నెలలో నాకు శ్లోకం ఒక్కటీ గుర్తురావడం లేదు. మా పీఠంలో వ్యాకరణం చదివే కుర్రాళ్ళు గోడ మీదికి రాళ్ళు మోస్తున్నారు. తర్కం చెప్పే పంతులు బాణాలకి ఈకలు కడుతున్నాడు. ఆయనకి చూపు ఆనదు. వంకరగా కడుతున్నాడు. అయినా కడుతున్నాడు."

ఎవరో ముక్కుతో చిన్నగా నవ్వారు. ముందువరసలో ఉన్న శ్రేష్ఠుల పెద్ద ధనగుప్తుడు కదలకుండా చూస్తున్నాడు. ఈ సభలో మెప్పు సంపాదించడం ఆషామాషీ వ్యవహారం కాదు. గొప్ప గొప్ప కవులు చెమటలు కక్కి, ఒక్క తలైనా ఊగక, వచ్చిన దారినే పోయారు.

"మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇచ్చిందానికి హామీ ఏమిటని. హామీ లేదు. యుద్ధంలో హామీ ఇచ్చేవాడు అబద్ధాలకోరు. నేను అబద్ధం ఆడటానికి ఇంత దూరం నడిచి రాలేదు."

అప్పుడు మూడో వరసలో అచ్చమాంబ అనే వృద్ధురాలు, ఊళ్ళో సగం ఓడలు నడిపే మనిషి, ముందుకు వంగింది. చీర కొంగు చేతికి చుట్టుకుని, తన ప్రమిదలోని వత్తిని నూనెలోకి మెల్లిగా నొక్కేసింది. "ఘనం," అంది.

దీపం లేదు.

ఆమె పక్కనున్నాయన కూడా "ఘనం" అన్నాడు. ఆయన దీపమూ కొండెక్కింది. ఆ వెనక ఇంకొకటి.

ఘనం అంటే ఆర్పడమని జయంధరుడికి అప్పుడు తెలిసింది. దీపం ఆర్పు అని నోటితో అనడం ఈ ఊళ్ళో అశుభం, అందుకే ఘనం చెయ్యమంటారు. శ్రేష్ఠుల పద్ధతిలో అదే మెప్పు కూడా. బేరం నడిచినంతసేపూ ఎదుటివాడి ముఖం చూడటానికి దీపం కావాలి. నమ్మకం కుదిరాక ముఖం చూసే పని లేదు. దీపాలన్నీ ఘనమైతేనే సభ ఒప్పుకున్నట్టు, అప్పుడే ఇనుప తలుపులు తెరుస్తారు. ఈ సంగతి ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలియనివాడు లంకలనుంచి కాటుక పూసుకుని వచ్చిన ఈ మహానుభావుడు ఒక్కడే.

కాలి మడమకి ఏదో చల్లగా తగిలింది. వేదిక వెనక, దీపాల నూనె నిలవచేసే పాత గొయ్యి ఒకటి ఉంది, దాని అంచునే అతను నిలబడ్డాడు. నూనె తడి అనుకుని కాలు తీసి పక్కన పెట్టాడు. ఆ చల్లదనం కూడా పక్కకి జరిగి మళ్ళీ తగిలింది. వంగి చూశాడు. పక్కనున్న స్తంభం నీడ నేలమీద పడి ఉంది. ఆ నీడకి వేళ్ళున్నాయి.

అరుపు గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. వక్త మాట్లాడుతుండగా వేదిక మీద వేరే నోరు లేస్తే సభ భంగమైనట్టేనని కావలివాళ్ళు ద్వారం దగ్గరే చెప్పి పంపారు. సభ భంగమైతే ఇనుప తలుపులు లేవు. తూర్పు వాకిలి లేదు. రంగధాముడు లేడు. జయంధరుడు పళ్ళు బిగించి, ఆ వేళ్ళని మడమతో తొక్కిపట్టాడు. తడిసిన దూదిలా మెత్తగా నలిగాయి. ఇంతేనా వీడి బలం అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కులపతి అన్నాడు: "నిన్న మా పీఠం వంటశాలలో వండింది ఒక పూటే. ఆ అన్నం కూడా పిల్లలు గోడమీది సైనికులకి పంపించేశారు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానేమోనని భయపడ్డారట. నేను ఇన్నేళ్ళు వాళ్ళకి నేర్పింది ఏమిటో నాకు నిన్ననే తెలిసింది."

"ఘనం." "ఘనం." మండపం కుడివైపంతా ఒక్కసారిగా మసకబారింది. కాలి కింది వేళ్ళు గట్టిపడ్డాయి. మడమని ఎత్తి పక్కకి తోసేశాయి. నీడలోంచి ఒక మణికట్టు వచ్చింది, తరువాత మోచెయ్యి వచ్చింది.

జయంధరుడికి అప్పుడు అంతా బోధపడింది. వీడి బలం చీకట్లో ఉంది. ఒక్కో దీపం ఆరినకొద్దీ వీడు పెరుగుతాడు. కులపతి రాత్రంతా చదువుకునే మనిషి, ఆయన గదిలో దీపం ఆరేది లేదు. అందుకే వీడు ఈ సభకోసం కాచుకుని కూర్చున్నాడు. ముసలాయన ఎంత బాగా మాట్లాడితే వీడికి అంత మేలు. ఒక్క చెకుముకి రాయి ఉంటే చాలును.

కులపతికి దగ్గు వచ్చింది. చెంబుకోసం చెయ్యి చాచాడు. జయంధరుడు వంగి అందిస్తూ, చెవిలో గబగబా ఊదాడు: "అయ్యగారూ, తమిస్రకుడు మీ వెనకాలే ఉన్నాడండి. ఆఖరి దీపం పోతే మీ గొంతు పట్టుకుంటాడు. దణ్ణం పెడతాను, ఇంక మాట్లాడకండి."

కులపతి నీళ్ళు తాగాడు. తల తిప్పకుండానే, పెదవులు కదిలీ కదలకుండా అడిగాడు: "నేను ఆపేస్తే ఆ తలుపులు తీస్తారా?"

"తియ్యరండి."

"తూర్పు వాకిట్లో నీవాళ్ళెవరైనా ఉన్నారా నాయనా?"

"మా అన్న ఉన్నాడండి."

"నాకూ భయంగానే ఉంది. నువ్వు నా వెనకనుంచి కదలకు," అన్నాడు. చెంబు తిరిగి ఇచ్చి సభవైపు తిరిగాడు.

జయంధరుడికి ఆ క్షణాన ఆయన మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ తీరిక లేకపోయింది. ఎందుకంటే కులపతి మళ్ళీ మాట అందుకోగానే ఆ చెయ్యి నీడలోంచి భుజందాకా లేచి, తిన్నగా ఆయన మెడవైపు సాగింది. జయంధరుడు చెంబు కింద పెట్టి రెండు చేతులా దాని మణికట్టు పట్టుకున్నాడు. మంచు ముద్దని పట్టుకున్నట్టు అరచేతులు మొద్దుబారాయి. వరదలో పడవ తాడు లాగిన చేతులు అవి, అయినా ఆపలేకపోతున్నాయి. కులపతి ఊపిరికోసం ఒక్క క్షణం ఆగాడు. వెంటనే చెయ్యి కూడా ఆగి, గాల్లో అటూ ఇటూ తడుముకుంది. ఆయన మాట మొదలెట్టగానే మళ్ళీ సూటిగా కదిలింది. చీకటి వీడికి బలమే ఇస్తుంది గాని చూపు ఇవ్వదు. వినబడే గొంతు వెంటే వీడు వెళ్తాడు.

సభలో ఎవరికీ ఇదేమీ కనబడలేదు. వాళ్ళకి కనబడుతున్నది, మసక వెలుతురులో వక్త వెనక ఒక పనివాడు నడుం నొప్పితో మెలికలు తిరుగుతున్నట్టు. ఒకాయన విసుక్కున్నాడు కూడా.

"మీ తాతలు ఈ కొండ తొలిచినప్పుడు, లోపలి సిరి ఎవరికీ అందకూడదని తొలిచారు," అంటున్నాడు కులపతి. "చండకేతు వస్తే ఆ సిరి భద్రంగానే ఉంటుంది. తలుపులు గట్టివి. కాని బయట మీ పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ ఉండడు. పేరు లేనివాడి సొత్తుకి కాపలా కాసేది బొక్కసమో, సమాధో మీరే చెప్పండి."

ధనగుప్తుడు కళ్ళు మూసుకున్నాడు. తన దీపం మీద చెయ్యి పెట్టాడు. "ఘనం," అన్నాడు. పెద్దాయన దీపం పోయేసరికి వరసలకి వరసలు నల్లబడ్డాయి. "ఘనం, ఘనం" అని మండపం మారుమోగింది. అంతటి మెప్పు ఆ గోడలు ఏనాడూ వినలేదు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. నీడలోంచి రెండో చెయ్యి వచ్చి జయంధరుడి నడుం పట్టుకుంది. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. నోట్లో ఉప్పగా నెత్తురు ఊరింది. అయినా కిక్కురుమనలేదు.

ఇక వెలుగుతున్నది ఒకే ఒక్క దీపం. మూలన కూర్చున్న పేరిశెట్టిది. పేరిశెట్టి పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ దీపం ఘనం చేసినవాడు కాడు. కూతురి పెళ్ళిలో మంగళాష్టకాలు కూడా బాగోలేవన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒరే పిసినారి శెట్టీ, ఇవాళ కూడా నీ బుద్ధి పోనివ్వకు తండ్రీ అని జయంధరుడు మనసులోనే మొక్కాడు. మొక్కిన వెంటనే అన్న ముఖం కళ్ళముందు కదిలి, మొక్కు సగంలో ఆగిపోయింది. ఆ దీపం ఉండాలా, పోవాలా, దేనికి మొక్కాలో అతనికి తెలియలేదు.

పేరిశెట్టి కూర్చున్నచోటినుంచే అడిగాడు: "కులపతి గారూ, అన్నీ బాగానే చెప్పారు. ఒక్కటి అడుగుతాను. మీకు భయం లేదా? భయం లేనివాళ్ళ చేతిలో నేను ఏదీ పెట్టను. వాళ్ళు అన్నీ పాడుచేస్తారు."

కులపతి మెడకీ ఆ వేళ్ళకీ మధ్య జానెడు ఎడం ఉంది.

"చచ్చేంత భయం ఉంది శెట్టిగారూ," అన్నాడు. "నా వెనకే ఒకడు నిలబడి నా మెడమీద చెయ్యి వెయ్యబోతున్నాడు. వాడి చలి నాకు తగులుతోంది. మీ దీపం ఒక్కటే వాణ్ణి ఆపుతోంది. అయినా ఆ దీపం ఘనం చెయ్యమనే మిమ్మల్ని అడుగుతున్నాను. నా భయం కంటే ఆ వాకిలి పెద్దది."

శ్రేష్ఠులంతా నిట్టూర్చారు. మృత్యువు గురించి ఎంత బాగా చెప్పాడు అనుకున్నారు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడని ఒక్కరికీ తట్టలేదు. పేరిశెట్టి ముందుకు వంగి, రెండు చేతులా తన ప్రమిదని మూసేశాడు.

"ఘనం," అన్నాడు.

చీకటి కమ్ముకుంది. తన చెయ్యి తనకే కానరాని చీకటి. జయంధరుడి పట్టులోని మణికట్టు ఒక్కసారిగా తాటి దూలమంత లావైంది. అతని వేళ్ళు విడిపోయాయి. సభంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో కులపతి ఎక్కడున్నదీ తెలియక, తమిస్రకుడి ఊపిరి చుట్టూ వెతుకుతోంది.

ధనగుప్తుడి మాట వినవచ్చింది: "కులపతి గారూ, సభ మిమ్మల్ని ఘనం చేసింది. అందుకున్నానని ఒక్క మాట అనండి. మెప్పు అందుకున్నట్టు చెవిన పడితేగాని తలుపు తియ్యడం మా ఆచారం కాదు."

ముసలాయన ఊపిరి లోపలికి తీసుకున్నాడు. మాట్లాడబోతున్నాడు. జయంధరుడు ఇంక ఏమీ ఆలోచించలేదు. చీకట్లో ముందుకు పడి, అరచేత్తో ఆయన నోరు మూసి, ఆయన్ని కిందికి కూలదోశాడు. తానే నిలబడి, గొంతు బొంగురు చేసి గట్టిగా అన్నాడు.

"అందుకున్నాను."

అంతసేపు మాట్లాడి అలిసిన గొంతు కదా, మారిందని ఎవరికీ అనుమానం రాలేదు. అది చూసుకునే వ్యవధి జయంధరుడికి దొరకలేదు. మంచులాంటి గుప్పిలి వచ్చి అతని కుత్తుక చుట్టూ బిగుసుకుంది. లోపలినుంచి ఏదో వేరుతో సహా పెరికినట్టయింది. కాళ్ళు నేలని వదిలాయి. పట్టు విడగానే అంచుమీది నూనెకి కాలు జారింది. వెల్లకిలా గోతిలో పడ్డాడు. ఎంత లోతు పడ్డాడో తెలియదు, వీపు మాత్రం రాతికి కొట్టుకుని నిప్పులు కురిసింది.

పైన ఇనుప తలుపులు కిర్రుమంటూ తెరుచుకుంటున్నాయి. గోడ మీద రంగధాముడికి ఇక అన్నం ఉంటుంది, బాణాలు ఉంటాయి. జయంధరుడికి ఆ చావు నొప్పిలోనూ నవ్వు వచ్చింది. నవ్వబోయాడు. శబ్దం రాలేదు. అయ్యగారూ అని పిలవబోయాడు. పెదవులు కదిలాయి, గొంతు లేదు. గోతి గోడల మీద గోళ్ళు విరిగేలా పాకాడు, నూనె జిడ్డుకి జారి మళ్ళీ అడుగునే పడ్డాడు.

పైన దీపాలు తిరిగి వెలిగాయి. గోతి అంచు ఎర్రగా కనబడింది. కులపతి దగ్గుతూ లేస్తున్న చప్పుడు, ఆ తరువాత ఆయన మాట వినబడ్డాయి: "నాయనా, ఉన్నావా? వాడేమయ్యాడు?"

జయంధరుడు పిడికిళ్ళతో రాతిని బాదాడు. పైన శ్రేష్ఠుల కోలాహలంలో ఆ చప్పుడు కలిసిపోయింది.

"పారిపోయాడండి," అని జవాబు వచ్చింది. జయంధరుడి గొంతే. లంకల యాస కూడా పొల్లు పోలేదు. "లేవండయ్యగారూ, నా చెయ్యి పట్టుకోండి."

"బతికించావు. ముందు తూర్పు వాకిలికి పోదాం పద. ఈ సంతోషం మీ అన్నకి నీ నోటితోనే చెబుదువుగాని."

"అలాగేనండి," అంది ఆ గొంతు. "తలుపు తియ్యమంటే మా అన్న నాకు తియ్యకుండా ఉంటాడా."